9/11 ఇరవయ్యేళ్ల సంస్మరణకు ట్రంప్ ఎందుకు వెళ్లలేదు? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి సెప్టెంబరులోనూ ఈ గొడవ మళ్లీ మొదలవుతుంది. బైడెన్, ఒబామా, క్లింటన్ వరసగా నిలబడ్డ ఫొటో ఒకటి తిరుగుతుంది, "మరి ట్రంప్ ఏడీ?" అని ఒకరంటే "ఫైర్ స్టేషన్‌కి వెళ్లాడు, మీకు కనపడదా?" అని ఇంకొకరంటారు. రెండూ నిజమే. మధ్యలో చాలా సంగతులు మాత్రం గాల్లో కలిసిపోతున్నాయి, అందుకని నన్ను మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒక్క చోట పెడుతున్నాను.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి, 2021లో ఏం జరిగింది?

2021 సెప్టెంబరు 11 నాటికి, ఉగ్రవాదులు విమానాలు హైజాక్ చేసి అమెరికా మీద చేసిన ఆ 9/11 దాడులు జరిగి సరిగ్గా ఇరవయ్యేళ్లు. న్యూయార్క్‌లో, కూలిన టవర్ల చోట జరిగిన కార్యక్రమానికి అప్పటి అధ్యక్షుడు జో బైడెన్, మాజీలు బిల్ క్లింటన్, బరాక్ ఒబామా భార్యలతో సహా వచ్చి పక్కపక్కన నిలబడ్డారు. జార్జ్ డబ్ల్యూ బుష్ అక్కడికి రాలేదు గానీ హైజాకైన విమానాల్లో ఒకటి కూలిన చోట, పెన్సిల్వేనియాలో షాంక్స్‌విల్ దగ్గర జరిగిన కార్యక్రమంలో మాట్లాడారు. డొనాల్డ్ ట్రంప్ మాత్రం అధికారిక కార్యక్రమాల్లో ఏ ఒక్కదానికీ వెళ్లలేదు. పదవి దిగి ఎనిమిది నెలలు కూడా కాలేదు, పుట్టి పెరిగిన ఊరు న్యూయార్క్, ఆ రోజు ఆ ఊళ్లోనే ఉన్నారు కూడా. జనం దృష్టి అంతలా పడింది అందుకే.

మరి ఆ రోజంతా ఆయన ఎక్కడున్నారు?

ముందుగా ఒక వీడియో వదిలారు. అందులో చనిపోయినవాళ్లని తలుచుకుంటూనే అఫ్గానిస్తాన్ నుంచి సైన్యం బయటికొచ్చిన తీరు మీద బైడెన్‌ని ఉతికి ఆరేశారు. అప్పటికి ఆఖరి అమెరికా విమానం కాబూల్ వదిలి రెండు వారాలు కూడా కాలేదు, ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. (ఇక్కడ ఒక మాట చెప్పాలి. తాలిబాన్‌తో 2020 ఫిబ్రవరిలో దోహాలో ఒప్పందం చేసుకుని, 2021 మే 1 కల్లా వెళ్లిపోతామని మాటిచ్చింది ట్రంప్ ప్రభుత్వమే. బయటికి రావడం ఇద్దరి నిర్ణయమూ, వచ్చిన తీరు బైడెన్ బాధ్యత.)

తర్వాత మన్‌హాటన్‌లో ఈస్ట్ 51వ వీధికి వెళ్లారు. అక్కడ 17వ ప్రిసింక్ట్ పోలీస్ స్టేషనూ, దాని గోడ పక్కనే ఒక ఫైర్ స్టేషనూ ఉన్నాయి, ట్రంప్ టవర్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. పోలీసులతో, ఫైర్ సిబ్బందితో ఫొటోలు దిగారు, వాళ్లని మెచ్చుకున్నారు, మళ్లీ అఫ్గానిస్తాన్ ఎత్తారు. 2024లో పోటీ చేస్తారా అని ఒకరు అడిగితే, ఏం చేయాలో తనకి తెలుసనీ, ఎన్నికల నిధుల చట్టం వల్ల ఇప్పుడే చెప్పకూడదనీ ఊరించారు. అక్కడి నుంచి సంస్మరణ జరిగిన చోటికి ఐదారు కిలోమీటర్లు.

రాత్రికి ఫ్లోరిడాలో ఉన్నారు. ఆ కథ వేరే, కింద చూడండి.

ఆ రాత్రి బాక్సింగ్ కామెంటరీ చెప్పారంటారు, నిజమా, ఎవరైనా పుట్టించిందా?

నిజమే. ఫ్లోరిడాలో హాలీవుడ్ అనే ఊరుంది (సినిమాల హాలీవుడ్ కాదు), అక్కడ హార్డ్ రాక్ క్యాసినోలో జరిగిన పోటీకి పెద్దకొడుకు డొనాల్డ్ జూనియర్‌తో కలిసి రింగ్ పక్కన కూర్చుని కామెంటరీ చెప్పారు. మాజీ బాక్సింగ్ ఛాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్‌కి అప్పుడు 58 ఏళ్లు, ఎదురుగా 44 ఏళ్ల విటోర్ బెల్ఫోర్ట్. మొదటి రౌండ్‌లోనే, రెండు నిమిషాలు నిండకుండానే రిఫరీ ఆట ఆపేశాడు. ఈ రెండు నిమిషాల ముచ్చట ఇంట్లో చూడాలంటే 49.99 డాలర్లు.

అసలు బెల్ఫోర్ట్ పోటీ ఆస్కార్ డి లా హోయా అనే ఇంకో బాక్సర్‌తో లాస్ ఏంజెలెస్‌లో జరగాల్సింది. ఆయనకి కోవిడ్ వచ్చింది, బదులుగా హోలీఫీల్డ్‌ని దించుతామంటే ఆ వయసువాడికి లైసెన్సు ఇవ్వమని కాలిఫోర్నియా వాళ్లు అన్నారు, దాంతో ఫ్లోరిడాకి మార్చారు. పోటీకి ముందు విలేకరులతో ఫోన్‌లో మాట్లాడుతూ, ఎవరితోనైనా బాక్సింగ్ చేయాల్సొస్తే బైడెన్‌తో అయితే తేలిక అని ట్రంప్ జోకేశారు.

నన్నడిగితే, ఉదయం కార్యక్రమానికి రాకపోవడం కంటే ఇదే ఎక్కువ ఇబ్బందికరమైన విషయం. ఫైర్ స్టేషన్‌కి వెళ్లడం మంచి పనే, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ ఇరవయ్యేళ్ల వర్ధంతి రాత్రి క్యాసినోలో డబ్బు కట్టి చూసే షో చేయడం ఎవరూ బలవంతం చేస్తే జరిగిన పని కాదు, ఆ తేదీ ఏంటో తెలిసే ఒప్పుకున్నారు.

మాజీ అధ్యక్షుడు తప్పకుండా రావాలని రూలేమైనా ఉందా?

లేదు. మాజీ అధ్యక్షుల కోసం 1958లో చేసిన చట్టం ఒకటుంది, అందులో పెన్షను, ఆఫీసు, సిబ్బంది గురించి ఉంటుంది గానీ ఫలానా కార్యక్రమానికి రావాలని ఎక్కడా లేదు. సెప్టెంబరు 11ని 2001 డిసెంబరులో చేసిన చట్టంతో "పేట్రియట్ డే"గా ప్రకటించారు, జెండాలు సగానికి దించుతారు, మౌనం పాటించమంటారు, అంతే. అది సెలవు దినం కూడా కాదు, ఆఫీసులు, బ్యాంకులు మామూలుగానే నడుస్తాయి.

కాబట్టి ఇదంతా మర్యాద లెక్క. మనవాళ్లకి ఇది వెంటనే ఎందుకు గుచ్చుకుంటుందంటే, మన ఇళ్లల్లో పెళ్లికి పిలుపు కావాలి గానీ పరామర్శకి పిలుపు అక్కర్లేదు, పగా పంతం ఉన్నా సరే వెళ్లి గుమ్మంలో నిలబడి రావాల్సిందే. అమెరికాలో కూడా ఈ కార్యక్రమం చుట్టూ ఇరవయ్యేళ్లలో అలాంటి అలవాటే ఒకటి ఏర్పడింది.

"జాతీయ కార్యక్రమం" అంటున్నారు, అసలు అది ఎవరు జరుపుతారు?

ఇక్కడే చాలామంది పొరపడతారు. అదొక్కటే కార్యక్రమం కాదు, మూడు చోట్ల మూడు జరుగుతాయి, మూడింటికీ మూడు వేర్వేరు నిర్వాహకులు. న్యూయార్క్‌ది ప్రభుత్వ శాఖ కాదు, లాభాపేక్ష లేని ఒక సంస్థ నడుపుతుంది, దాని ఛైర్మన్ ఆ నగర మాజీ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్. పెంటగాన్‌ది రక్షణ శాఖ చూసుకుంటుంది. షాంక్స్‌విల్‌ది జాతీయ పార్కుల శాఖ పరిధిలో ఉంటుంది.

చనిపోయినవాళ్లు మొత్తం 2,977 మంది. న్యూయార్క్‌లో 2,753, పెంటగాన్‌లో 184, షాంక్స్‌విల్ పొలంలో 40. అందుకే టీవీ కెమెరాలన్నీ న్యూయార్క్ వైపే ఉంటాయి, అక్కడ కనిపించని నాయకుడు అసలు రానట్టే అనిపిస్తాడు. 2021లో బుష్‌కి దాదాపు ఇదే జరిగింది, న్యూయార్క్ ఫొటోలో లేరు కాబట్టి రాలేదేమో అనుకున్నవాళ్లు ఇప్పటికీ కనపడుతుంటారు.

అక్కడికి వెళ్తే నాయకులు ఏం మాట్లాడతారు? ట్రంప్‌కి మైకు ఇవ్వరనే రాలేదంటారు కొందరు.

న్యూయార్క్‌లో ఎవరికీ మైకు ఇవ్వరు. 2021లో బైడెన్ కూడా అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన చెప్పాలనుకున్నది ముందు రోజే వీడియోగా వదిలారు.

మొదట్లో ఇలా లేదు. 2002లో మొదటి వర్ధంతికి న్యూయార్క్ గవర్నర్ జార్జ్ పటాకీ అబ్రహాం లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం చదివారు, చనిపోయినవాళ్ల పేర్లు చదవడం మాజీ మేయర్ రూడీ జూలియాని మొదలుపెట్టారు. 2011లో పదేళ్లప్పుడు ఒబామా బైబిల్లో 46వ కీర్తన చదివితే, బుష్ అంతర్యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లికి లింకన్ రాసిన ఉత్తరం చదివారు. అప్పుడు కూడా సొంత ప్రసంగాలు వద్దనుకుని పాత మాటలే ఎంచుకున్నారు చూడండి. ఆ మరుసటి ఏడాది, 2012 నుంచి, నాయకులు చదవడం కూడా మానేశారు. రావచ్చు, నిలబడొచ్చు, వెళ్లిపోవచ్చు.

ట్రంప్ అందుకే రాలేదని నేను అనను, ఆయన మనసులో ఏముందో మనం చెప్పే పని కాదు. కానీ ఒక తేడా గమనించండి. మెమోరియల్ దగ్గర ఉంటే నోరు మూసుకుని గంటలు నిలబడాలి. ఫైర్ స్టేషన్ దగ్గరైతే మాట్లాడొచ్చు, ఆయన మాట్లాడారు.

ఆ ఉదయం అక్కడ అసలు ఏం జరుగుతుంది?

ఆరుసార్లు మౌనం. 8:46కి మొదటి విమానం ఉత్తర టవర్‌ని ఢీకొట్టిన క్షణం, 9:03కి రెండోది దక్షిణ టవర్‌ని, 9:37కి పెంటగాన్, 9:59కి దక్షిణ టవర్ కూలినప్పుడు, 10:03కి షాంక్స్‌విల్, 10:28కి ఉత్తర టవర్. గంట కొడతారు, బ్యాగ్‌పైపుల సంగీతం ఆగిపోతుంది, వేలమంది ఉన్న చోట నీళ్ల చప్పుడు ఒక్కటే మిగులుతుంది.

మౌనాల మధ్యలో పేర్లు. ఇద్దరిద్దరు చొప్పున కుటుంబ సభ్యులు వేదిక ఎక్కి తమకి ముఖ పరిచయం కూడా లేనివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు, చివరికి వచ్చేసరికి తమ మనిషి పేరు చెబుతారు. "మా నాన్న" అనేదాకా గొంతు బాగానే ఉంటుంది, ఆ పేరు దగ్గర ఆగిపోతుంది. దాడి జరిగినప్పుడు ఇంకా పుట్టని పిల్లలు కూడా చదువుతున్నారిప్పుడు, ఎప్పుడూ చూడని తాతనో, పెదనాన్ననో తలుచుకుని ఒక మాట చెప్పి దిగిపోతారు. మొత్తం 2,983 పేర్లు, ఎందుకంటే 1993లో అదే భవనం కింద పేలిన బాంబుకి చనిపోయిన ఆరుగురినీ కలుపుతారు. దాదాపు నాలుగు గంటలు పడుతుంది. పెద్దపెద్ద నాయకులు చాలామంది మధ్యలోనే లేచి వెళ్లిపోతారు, అది కూడా ఎవరూ తప్పు పట్టరు.

టవర్లు నిలబడ్డ చోట్ల ఇప్పుడు రెండు పెద్ద చదరపు గుంటలున్నాయి, ఒక్కొక్కటి దాదాపు ఎకరం, నాలుగు వైపుల నుంచి ముప్పై అడుగుల కిందికి నీళ్లు పడుతుంటాయి. అంచుల చుట్టూ కంచు పలకల్లో పేర్లు తొలిచి ఉంటాయి. అక్షరమాల వరసలో కాదు, కలిసి పనిచేసినవాళ్లు, స్నేహితులు, ఒకే విమానంలో ఉన్నవాళ్లు పక్కపక్కన వచ్చేలా కుటుంబాలని అడిగి మరీ పేర్చారు. పుట్టినరోజు వచ్చినవాళ్ల పేరులో తెల్ల గులాబీ గుచ్చుతారు. వర్ధంతి రోజైతే కాగితం పేరు మీద పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు ఇంటికి తీసుకెళ్లేవాళ్లు చాలామంది.

ఇంకో సంగతి. న్యూయార్క్‌లో చనిపోయినవాళ్లలో నూటికి నలభై మందిని ఇప్పటికీ గుర్తించలేకపోయారు. ఇరవయ్యేళ్ల వర్ధంతికి కొద్ది రోజుల ముందే డీఎన్ఏ పరీక్షలతో మరో ఇద్దరిని గుర్తించారు, అప్పటికి 1,647 మంది. మిగిలిన దాదాపు 1,100 కుటుంబాలకి ఆ మెమోరియలే సమాధి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని మనం లెక్కలేసుకునే చోటు వాళ్లకి అదన్నమాట.

జిమ్మీ కార్టర్ కూడా రాలేదు కదా, ఆయన్నెవరూ అడగరేం?

96 ఏళ్ల మనిషిని ఏమడుగుతాం. అప్పటికే ఆయన జార్జియాలో ప్లెయిన్స్ ఊరు వదిలి ప్రయాణాలు చేయడం దాదాపు మానేశారు, ఆ ఏడాది జనవరిలో బైడెన్ ప్రమాణ స్వీకారానికి కూడా వెళ్లలేకపోయారు.

ఇంతకు ముందు ఏ మాజీ అధ్యక్షుడైనా ఇలా రాకుండా ఉన్నారా?

ఉన్నారు, అది చాలామంది మర్చిపోయారు. 2011 మే నెల మొదట్లో బిన్ లాడెన్‌ని పాకిస్తాన్‌లో మట్టుపెట్టాక, మే 5న ఒబామా న్యూయార్క్ వెళ్లి టవర్ల చోట పుష్పగుచ్ఛం ఉంచారు. బుష్‌ని కూడా రమ్మని పిలిచారు. బుష్ మర్యాదగా వద్దన్నారు, పదవి దిగాక వెలుగులోకి రాకుండా ఉండాలనుకుంటున్నానని ప్రతినిధి చేత చెప్పించారు. 2001లో ఆ శిథిలాల మీద నిలబడి చేతిలో మెగాఫోన్‌తో మాట్లాడిన అధ్యక్షుడు ఆయనే, ఆ రోజు అక్కడ ఉండటానికి ఆయన కన్నా హక్కున్నవాడు లేడు. అయినా రాలేదు. అది పెద్ద గొడవ కాలేదు, ఎందుకంటే రాకపోవడంతో పాటు ఆ రోజు నోరు కూడా విప్పలేదు, పోటీగా ఇంకో కార్యక్రమం పెట్టుకోలేదు. నాలుగు నెలలకి పదేళ్ల వర్ధంతికి వచ్చి ఒబామా పక్కనే నిలబడ్డారు.

రాకపోవడంలో కూడా రకాలుంటాయని నేననేది ఇందుకే.

పదవిలో ఉన్న అధ్యక్షులు ప్రతి ఏడాదీ న్యూయార్క్ వెళ్తారా?

అస్సలు కాదు. చాలా ఏళ్లు పెంటగాన్‌తోనో, శ్వేతసౌధం పచ్చికలో మౌనంతోనో సరిపెడతారు. ఒబామా ఎనిమిదేళ్లలో వర్ధంతి రోజు న్యూయార్క్ వెళ్లింది 2011లో ఒక్కసారే. ట్రంప్ మొదటి నాలుగేళ్లలో 2017, 2019లో పెంటగాన్, 2018, 2020లో షాంక్స్‌విల్. 2006లో ఐదేళ్లప్పుడు బుష్ ముందు రోజు టవర్ల చోట పుష్పగుచ్ఛాలు ఉంచి, 11 ఉదయం 8:46కి లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒక ఫైర్ స్టేషన్ దగ్గర మౌనం పాటించారు. అంటే ఫైర్ స్టేషన్‌కి వెళ్లడం ట్రంప్ కనిపెట్టింది కాదు, తప్పించుకునే దారీ కాదు. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది పోయారు, ఏ స్టేషన్‌కి వెళ్లినా గోడ మీద ఫొటోలుంటాయి.

బైడెన్ 2023లో వియత్నాం నుంచి తిరిగొస్తూ అలాస్కాలో ఆగి సైనికుల ముందు మాట్లాడారు, మూడు చోట్లలో దేనికీ వెళ్లలేదు. అప్పుడు రిపబ్లికన్లు గట్టిగానే తిట్టారు. 2021లో ట్రంప్‌ని తిట్టి 2023లో బైడెన్‌ని వెనకేసుకొచ్చినవాళ్లు, దాన్ని తిరగేసి చేసినవాళ్లు, ఇద్దరూ మనకి తెలిసినవాళ్లలోనే ఉంటారు.

మరి అసలు కారణం ఏంటి? ఒబామా, క్లింటన్‌లతో పడదనా?

పడదన్నది దాపరికం లేని విషయం. 2021 జనవరి 20న బైడెన్ ప్రమాణ స్వీకారానికి కూడా ట్రంప్ ఉండలేదు, ఆ ఉదయమే ఫ్లోరిడా వెళ్లిపోయారు. 1869లో ఆండ్రూ జాన్సన్ తర్వాత, తన తర్వాతి అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి ఇలా కావాలని రాకుండా పోయింది ఈయనే. ఎన్నికల ఫలితాన్నే ఒప్పుకోని మనిషి ఎనిమిది నెలలకి ఆ అధ్యక్షుడి పక్కన నిలబడి ఫొటో దిగుతారని అనుకోవడం అత్యాశ. అలా నిలబడితే ఆయన అభిమానులకి ఒక అర్థం వెళ్తుంది, నిలబడకపోతే ఇంకో అర్థం. నా ఉద్దేశంలో లెక్క అక్కడే తేలింది.

శాశ్వతంగా ముఖం చూసుకోరని కాదు. 2025 జనవరి 9న కార్టర్ అంత్యక్రియల్లో క్లింటన్, బుష్, ఒబామా, ట్రంప్, బైడెన్ అయిదుగురూ ఒకే చోట కూర్చున్నారు, ట్రంప్, ఒబామా నవ్వుతూ మాట్లాడుకుంటున్న వీడియో మీరూ చూసే ఉంటారు. అప్పటికి ట్రంప్ మళ్లీ గెలిచి ఉన్నారనుకోండి.

చనిపోయినవాళ్ల కుటుంబాలు ఏమన్నాయి?

కుటుంబాలంటే ఒకే గొంతు కాదు, వేలమంది, వాళ్లలో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. కానీ 2021 ఆగస్టులో వాళ్ల అసలు కోపం రాని ట్రంప్ మీద కాదు, రాబోతున్న బైడెన్ మీద. సౌదీ ప్రభుత్వానికి ఈ దాడులతో ఉన్న సంబంధాల గురించి ఎఫ్‌బీఐ దాచిపెట్టిన కాగితాలు బయటపెట్టకపోతే సంస్మరణకి రావొద్దని కుటుంబ సభ్యులు, బతికి బయటపడ్డవాళ్లు, సహాయ సిబ్బంది కలిపి దాదాపు 1,800 మంది ఉత్తరం రాశారు. సెప్టెంబరు 3న బైడెన్ ఆ కాగితాల్ని సమీక్షించి విడుదల చేయమని ఉత్తర్వు మీద సంతకం పెట్టారు, మొదటి కాగితం, 16 పేజీలు, సరిగ్గా 11వ తేదీ రాత్రి బయటికొచ్చింది.

నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ గుర్తుండిపోయేది ఇదే. ఎవరు వస్తారా అని మనం చూస్తుంటే, వాళ్లు ఆ రాకని బేరం పెట్టి ఏళ్ల తరబడి దొరకని కాగితాలు సాధించుకున్నారు. తర్వాత 2022 జులైలో సౌదీ డబ్బుతో నడిచే గోల్ఫ్ పోటీ న్యూజెర్సీలో ట్రంప్ గోల్ఫ్ క్లబ్బులో జరిగినప్పుడు ట్రంప్ మీద కూడా అంతే గట్టిగా నిరసన తెలిపారు.

బుష్ ప్రసంగం మీద ట్రంప్‌కి కోపం వచ్చిందంటారు, ఏమన్నారు ఆయన?

షాంక్స్‌విల్‌లో బుష్, బయటి దేశాల ఉగ్రవాదులకీ ఇంట్లోనే తయారైన తీవ్రవాదులకీ సంస్కృతిలో పోలిక తక్కువైనా స్వభావం ఒక్కటేనని, రెండింటినీ ఎదుర్కోవాలనీ అన్నారు. ఆ ఏడాది జనవరి 6న అమెరికా కాంగ్రెస్ భవనం మీద ట్రంప్ అభిమానులు చేసిన దాడి పేరెత్తలేదు గానీ అందరికీ అదే అర్థమైంది, పైగా షాంక్స్‌విల్‌లో కూలిన విమానాన్ని హైజాకర్లు తీసుకెళ్లాలనుకున్నది కూడా రాజధాని వాషింగ్టన్‌కే కదా. రెండు రోజుల్లో ట్రంప్ ఒక ప్రకటన వదిలి, బుష్ మాకు నీతులు చెప్పక్కర్లేదన్నట్టు విరుచుకుపడ్డారు. ఇద్దరూ ఒకే పార్టీ.

తర్వాతైనా వెళ్లారా?

వెళ్లారు. అంతకు ముందు 2016లో అభ్యర్థిగా వెళ్లారు, మళ్లీ 2024లో అభ్యర్థిగానే వెళ్లారు. ముందు రోజు రాత్రి ఫిలడెల్ఫియాలో కమలా హ్యారిస్‌తో డిబేట్‌లో మాటల యుద్ధం, తెల్లారేసరికి ఇద్దరూ న్యూయార్క్‌లో. చేతులు కలిపారు, మధ్యలో బైడెన్, బ్లూమ్‌బర్గ్ నిలబడ్డారు, ట్రంప్ పక్కన ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్. ఆ రోజు షాంక్స్‌విల్‌కి కూడా ఎవరికి వారు వెళ్లొచ్చారు. ఎన్నికల ఏడాదిలో హాజరు బాగుంటుంది, రెండు పార్టీలకీ.

ఇదంతా మనకెందుకు?

కంచు పలకల మీద తెలుగు ఇంటిపేర్లు కూడా ఉన్నాయి కాబట్టి. బోస్టన్ నుంచి బయల్దేరి ఉత్తర టవర్‌ని ఢీకొన్న విమానంలోనూ మనవాళ్లున్నారు, టవర్లలో ఉద్యోగాలు చేసినవాళ్లలోనూ ఉన్నారు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను, కుటుంబాల ఏకాంతం వాళ్లది. ఆ పేర్లు ప్రతి ఏడాదీ గట్టిగా చదువుతారు, చదివేవాళ్లకి పలకడం రాక తడబడ్డా చదువుతారు.

మన టైములో మొదటి దాడి సాయంత్రం 6:16కి. అప్పటికి ఊహ తెలిసిన ఎవరిని అడిగినా ఆ సాయంత్రం టీవీ ముందు ఎక్కడ కూర్చున్నారో చెబుతారు, అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లల్లో ఫోను లైన్లు దొరక్క పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. తర్వాత వీసాల్లో, ఎయిర్‌పోర్టుల్లో వచ్చిన మార్పులు అందరం అనుభవించినవే. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారినే 2011 సెప్టెంబరులో న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో రెండోసారి సోదా చేసి, తర్వాత అమెరికా క్షమాపణ చెప్పింది.

వర్ధంతి రోజు మనం వెళ్లి చూడొచ్చా?

ఉదయం కుదరదు, మెమోరియల్ ఆవరణ కుటుంబాలకి మాత్రమే. మధ్యాహ్నం తర్వాత అందరినీ వదులుతారు. జెర్సీ సిటీ వైపు ఉండేవాళ్లు పాత్ రైలెక్కితే సరిగ్గా వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్టేషన్‌లోనే దిగుతారు, చాలామంది రోజూ ఆఫీసుకి వెళ్లే దారే అది. చీకటి పడ్డాక ఆకాశంలోకి వేసే రెండు లైటు స్తంభాలు చూడాలంటే మాత్రం మన్‌హాటన్‌లో తల పైకెత్తి చూడటం కన్నా నది ఇవతల, జెర్సీ సిటీలో ఎక్స్ఛేంజ్ ప్లేస్ ఒడ్డు నుంచి బాగా కనిపిస్తాయి. షాంక్స్‌విల్ వెళ్లాలనుకునేవాళ్లకి కారు తప్పదు, విమానం కూలిన చోట ఉన్న బండరాయి దాకా కుటుంబాలని తప్ప ఎవరినీ వెళ్లనివ్వరు, దూరం నుంచే చూడాలి. న్యూయార్క్‌లో ఆవరణకి టికెట్ లేదు, కింద ఉన్న మ్యూజియానికి ఉంది, పిల్లలతో వెళ్తే రెండు మూడు గంటలు చేతిలో పెట్టుకోండి, చిన్నపిల్లలకి లోపల కొన్ని గదులు భయంగా ఉంటాయి కాబట్టి ఒకరు బయట ఉండేలా చూసుకుంటే మంచిది.